కాలంతో పని పెట్టుకో, బిడ్డా

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 26 ఏళ్లు, హన్మకొండలో మూడో అంతస్తు ఫ్లాటు, ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం, నెలలో సగం రాత్రి షిఫ్టులు. చిన్నప్పుడు నర్సంపేట దగ్గర ఊళ్లో నాయనమ్మ దగ్గర ఉన్నప్పుడు ఏ కాలం వచ్చినా ఒంటికి తెలిసేదని, ఇప్పుడు వానకాలం మొదలైన సంగతి కూడా ఫోన్ చూస్తేనే తెలుస్తోందని రాశావు. పార్కుకు పోతే పది నిమిషాలు బాగుంటుంది, ఇంటికి రాగానే మళ్లీ మామూలే, ఆ దగ్గరితనం మళ్లీ ఎట్లా వస్తుంది అని అడిగావు. వయసు చెప్పావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. నేను 31 ఏళ్లు జూనియర్ కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. 22 ఏళ్లుగా మన చుట్టుపక్కల చెట్లు, చెరువులు, పిట్టల సంగతి తేదీలు వేసి నోటుబుక్కుల్లో రాసుకుంటున్నా. నేను చెప్పేది ఆ నోటుబుక్కుల్లోంచే.

ముందు మీ నాయనమ్మ సంగతి. ఆమె ప్రకృతిని చూస్తూ కూర్చునే మనిషి అయి ఉండదు. ఆమెకు అంత తీరిక ఎక్కడిది? చింత చిగురు వేస్తే కోసుకొచ్చి పప్పులో వేయాలి. మొగులు పడితే పిడకలు లోపల పెట్టాలి. ఇప్పకాయ, వేపకాయ రాలితే ఏరాలి. తొలి ఏకాదశికి జొన్నలు వేయించి పేలాల పిండి కొట్టాలి. బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాసకు గునుగు కోయాలి. ఏ కాలానికి ఆ కాలం ఆమె చేతికి ఒక పని ఇచ్చేది. ఆ పని వెనకే నువ్వు గంప పట్టుకుని తిరిగావు. నీకు గుర్తున్న దగ్గరితనం అదే. ఇప్పుడు నీకు ఏ కాలంతోనూ ఏ పనీ లేదు. ఏసీ, ఫ్రిజ్, పన్నెండు నెలలూ దొరికే టమాటా. పార్కుకు చుట్టపుచూపుగా పోయి వస్తున్నావు, అందుకే ఇల్లు చేరేసరికి ఆ హాయి జారిపోతోంది. ఏడాది పొడుగునా నాలుగైదు చిన్న పనులు పెట్టుకో. వాటికోసం కాలాన్ని కనిపెట్టుకుని ఉండాల్సి వస్తుంది. చెప్పదలచుకున్నది ఇంతే, మిగిలినదంతా ఆ పనులు ఏమిటి అన్నదే.

ఈ సంగతి నాకు ఒక విద్యార్థి నేర్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ములుగు వైపు పనిచేశాను. ఇప్ప చెట్టుకు శాస్త్రీయ నామం, కుటుంబం, పుష్ప సూత్రం అన్నీ బోర్డు మీద రాశాను. పూత ఎప్పుడు వస్తుంది అని అడిగితే పుస్తకంలో ఉన్నట్టు మార్చి, ఏప్రిల్ అని చెప్పాను. తాడ్వాయి అడవి పల్లె నుంచి వచ్చే కోయ పిల్లవాడు లేచి, "ఆకు సగం రాలంగనే మా అమ్మ గంపలు సర్దుకుంటది సార్, ఆ తర్వాత పదిహేను రోజులకు పువ్వు పడ్తది" అన్నాడు. ఆ ఆదివారం వాళ్ల ఊరికి పోయాను. తెల్లవారుజామున నాలుగున్నరకు వాళ్లమ్మ, చెల్లె చెట్టు కింద ఉన్నారు. ఇప్పపువ్వు రాత్రి విచ్చుకుని తెల్లారేలోపు రాలుతుంది. ఇంకా చీకటి ఉండగానే చెట్టు మీంచి టప్, టప్ అని చప్పుడు. చేతిలోకి తీసుకుంటే ద్రాక్షపండంత బరువు, పాలపచ్చ రంగు, వేళ్లకు జిగురు, కల్లు కుండ దగ్గర వచ్చే లాంటి తీపి వాసన. పొద్దెక్కితే అడవి జంతువులు, పశువులు తినేస్తాయి, అందుకే అంత తొందర. బోర్డు మీద పాఠం చెప్పిన చెట్టును నేను ఆ రోజే మొదటిసారి కలిసినట్టు అనిపించింది. మొదటి నోటుబుక్కు ఆ వారంలో కొనలేదు, చాలా ఏళ్ల తర్వాత కొన్నాను. కానీ దాని బీజం అక్కడే పడింది.

నువ్వు తాడ్వాయి దాకా పోనక్కర్లేదు. మీ అపార్టుమెంటు గేటు దగ్గర కానుగ చెట్టు ఉందని రాశావు, అది చాలు. నిజానికి కానుగ దొరకడం నీ అదృష్టం. మన ఊళ్లో రోడ్ల పక్కన ఎక్కడ చూసినా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కానీ కాలాన్ని ఇంత స్పష్టంగా చూపే చెట్టు తక్కువ. చలి పోయాక దాని ఆకులు పండి రాలతాయి. కొద్ది రోజులు కొమ్మలు బోసిగా ఉండి, ఒక్క వారంలో చెట్టంతా లేత చిగురు వేస్తుంది. మొదట కొంచెం ఎర్రగా, తర్వాత నూనె రాసినట్టు మెరిసే లేతాకుపచ్చ. ఎండ నెత్తిన మండుతుంటే చెట్టు అప్పుడే కొత్త బట్టలు కట్టుకుంటుంది. ఆ తర్వాత పూత. తెల్లగా, కొంచెం ఊదా కలిసి, వడ్ల పేలాలంత చిన్న పూలు. పొద్దున లేచి చూస్తే స్కూటర్ల సీట్ల మీద, కార్ల అద్దాల మీద పరుచుకుని ఉంటాయి. ఊడ్చే మనిషికి విసుగు, తేనెటీగలకు పండుగ. ఆ తర్వాత చిన్న చిన్న కాయలు పుట్టి, అవి పండడానికి మళ్లీ దాదాపు ఏడాది తీసుకుంటాయి. అంటే చెట్టు మీద పోయిన ఏటి కాయ, ఈ ఏటి చిగురు ఒక్కోసారి పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇక్కడ నీకు ఒక సందేహం రావాలి. నీళ్లు లేని ఎండకాలంలో, వాన పడకముందే చెట్లు ఎందుకు చిగురిస్తాయి? కానుగ, రావి, వేప అన్నీ ఇంతే. నాకు పాఠం చెప్పే కాలంలోనే ఈ ప్రశ్న పట్టుకుంది. పాత ఆకులు రాల్చేస్తే చెట్టులోంచి నీరు ఆవిరై పోవడం తగ్గుతుంది. లోతుకు పోయిన వేర్లు తెచ్చే కొద్ది నీళ్లతోనే కాండం మళ్లీ తేరుకుంటుంది. శివరాత్రి తర్వాత పగలు పొడుగవుతూ రావడం చిగురుకు సంకేతం. ఇంకొక లాభం ఉంది. వానతో పాటే ఆకు తినే పురుగులు కుప్పలు తెప్పలుగా పుడతాయి. వాన వచ్చేసరికి ఆకు ముదిరి గట్టిపడితే వాటి నోటికి అంతగా చిక్కదు. లేత ఆకులో ఉండే ఎరుపు రంగు కూడా ఎండ దెబ్బ నుంచి కాపాడే గొడుగు లాంటిదే. మా నోటుబుక్కులో మా ఇంటి ముందు కానుగ చిగురించిన తేదీలు చూస్తే ఏటేటా వారం పది రోజులు అటూ ఇటూ అవుతాయి తప్ప చెట్టు తన మాట తప్పదు.

నీ పని ఏమిటంటే, ఆ చెట్టు మీద మీ బాల్కనీకి దగ్గరగా ఉన్న ఒక్క కొమ్మ ఎంచుకో. వారానికి ఒకసారి, ఆదివారం అనుకో, అదే చోట నిలబడి ఫోటో తీయి. ఫోటో తీశాక ఒక ఆకు చేతిలోకి తీసుకుని తిప్పి చూడు. తెల్లటి మచ్చలు, లోపల పురుగు తొలుచుకుంటూ పోయిన దారి, ఆకు మీద వేలి కొసల్లా పొడుచుకొచ్చిన బుడిపెలు కనిపిస్తాయి. అవి రోగమని భయపడకు. కానుగ ఎన్నో చిన్న ప్రాణాలకు ఇల్లు. ఏదైనా మారితే తేదీ వేసి ఒక్క వాక్యం రాయి. పూర్తి ఏడాది అయ్యేదాకా దీంట్లో రుచి తెలియదు, ముందే చెప్తున్నా. రెండో ఏడు అదే వారానికి అదే కొమ్మ చిగురిస్తే మాత్రం నీకు ఎవరో చెప్పిన మాట నిలబెట్టుకున్నట్టు ఉంటుంది. నీలాగా చెట్ల తేదీలు రాసేవాళ్ల కోసం మన దేశంలో 2010 నుంచి సీజన్‌వాచ్ అనే కార్యక్రమం నడుస్తోంది. చింత, రేల లాంటి మనకు తెలిసిన చెట్ల మీద ఎవరైనా రాసి పంపవచ్చు. అందులో చేరడం నీ ఇష్టం, నోటుబుక్కు మాత్రం తప్పకుండా పెట్టు.

ఇక కార్తెలు. మీ నాయనమ్మ నోట విని ఉంటావు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులను ఒక కార్తె అంటారు. ఏడాదికి 27 కార్తెలు. సూర్యుడి లెక్క కాబట్టి ఇంగ్లీషు తేదీలతో దాదాపు కలిసే వస్తాయి, తిథుల్లాగా జరగవు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 దగ్గర ఆరుద్ర. రోహిణిలో రోళ్లు పగులుతాయి అనేది ఊరికే అన్న మాట కాదని ఓరుగల్లు కోట రాళ్ల మీద మే నెలలో చెయ్యి పెట్టినవాళ్లకు తెలుసు. మన ఊరు మొత్తం బండరాయి మీద ఉంది, పగలు తాగిన ఎండను రాత్రంతా కక్కుతుంది. నెలల కంటే కార్తెలతో కాలాన్ని లెక్కపెట్టుకోవడం మంచిది అంటాను. నెల అంటే ముప్పై రోజులు మన మనసుకు ఒకే ముద్ద. కార్తె అంటే రెండు వారాలు, ఈ రెండు వారాల్లో ఏం జరగాలో పెద్దవాళ్లు సామెతగా చెప్పి పెట్టారు. మృగశిర కురిస్తే ముసలెద్దు కూడా రంకె వేస్తుందట. చిత్త కురిస్తే చింతలు కాస్తాయట. నీ క్యాలెండర్‌లో ఈ పేర్లు రాసుకో, చాలు.

మిరుగు నాడు, అంటే మృగశిర మొదలైన రోజు, చేప తినే ఆనవాయితీ మీ ఇంట్లో ఇప్పటికీ ఉంటే దాన్ని వదలకు. రోహిణి వేడి నుంచి ఒక్కసారిగా చల్లబడే రోజులు, ఒంటికి వేడి అందాలని పెద్దల మాట. చేప తిననివాళ్లు ఇంగువ, బెల్లం ఉండ చేసుకుని మింగుతారు. కొర్రమీను దొరక్కపోతే బొచ్చెతోనైనా పులుసు పెట్టు. బజారుకు నువ్వే పో. ఆ పొద్దు చేపల దగ్గర జనాన్ని చూస్తేనే తెలుస్తుంది, ఊరంతా ఒకే కార్తెను ఒంటి మీదకు తెచ్చుకుంటోందని.

తొలి వాన వాసన గురించి కూడా రాశావు, "అది ఒక్కటే ఇంకా లోపల దాకా తగులుతుంది" అని. ఆ వాసనకు కారణం మట్టిలో ఉండే కంటికి కనబడని సూక్ష్మజీవులు. అవి తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఎండిన నేల మీద చినుకు పడగానే చిన్న బుడగల్లో ఎగిరి గాల్లో కలుస్తుంది. మన ముక్కు దాన్ని ఎంత సూక్ష్మంగా ఉన్నా పసిగడుతుంది. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎండిన నేల మీద వాన వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అంతకు చాలా ముందునుంచే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టి నుంచి ఆ వాసన తీసి అత్తరు చేస్తున్నారు. నీకు అది లోపల దాకా తగులుతోందంటే నీలో ఏదీ చచ్చిపోలేదని అర్థం, దిగులు పడకు.

ఆ తొలి వానల రోజుల్లో నీకు చూపించాలని ఉన్నది ఒక పుట్ట. అవును, చెదపుట్ట. భీమారం దాటి ఏ చెలకలోకి పోయినా కనిపిస్తుంది. నేల తడిసిన సాయంత్రం దాంట్లోంచి ఉసిళ్లు లేస్తాయి. రెక్కలొచ్చిన చెదపురుగులే అవి. వేలల్లో లేచి లైట్ల చుట్టూ మూగి, కాసేపటికి రెక్కలు రాల్చేసి, జంటగా నేల వెతుక్కుంటూ పోతాయి, కొత్త పుట్ట పెట్టడానికి. మా చిన్నప్పుడు దీపం కింద గంగాళంలో నీళ్లు పెట్టి పట్టేవాళ్లం. ఉప్పు, కారం వేసి వేయిస్తే పల్లీల్లాంటి కమ్మదనం. ఆ సాయంత్రమే ఏట్రింత పిట్టలు, కప్పలు, బల్లులు అన్నీ కడుపునిండా తింటాయి. మర్నాడు పొద్దున అదే నేల మీద ఆరుద్ర పురుగులు. ఎర్ర మఖమల్ గుడ్డ ముక్క నడుస్తున్నట్టు ఉంటుంది. కాళ్లు లెక్కపెట్టు, ఎనిమిది ఉంటాయి. అంటే అది పురుగు జాతి కాదు, సాలీడు, తేలు వైపు చుట్టం. ఏడాదంతా మట్టిలో ఉండి ఈ కొద్ది రోజులే పైకి వస్తుంది. ఎందుకొస్తుంది? రాలిన చెదలు తినడానికి. మేము అగ్గిపెట్టెలో గడ్డి పరిచి దాచుకునేవాళ్లం. ఇప్పుడు అవి చాలా తగ్గాయి, నువ్వు పట్టుకోకు, పక్కన కూర్చుని చూడు.

ఇంకొన్ని వానలు పడ్డాక అదే పుట్ట మీద పుట్టకొక్కులు లేస్తాయి. చెదపురుగులు పుట్ట లోపల ఒక రకం బూజును పెంచుకుంటాయి, అదే వాటి తిండి. మనం కూర వండుకునే పుట్టకొక్కు ఆ బూజు వేసే పువ్వు లాంటిది. ఆ చెదలు లేని చోట అది పెరగదు, అందుకే ఎవరూ దాన్ని పొలంలో పండించలేకపోతున్నారు. ఉసిళ్లు, ఆరుద్ర పురుగు, పుట్టకొక్కు మూడూ వేరు వేరు విశేషాలని ఎంతో కాలం అనుకున్నాను. మూడూ ఒకే పుట్ట కథ అని తెలిసిన రోజు కార్తెల లెక్క నాకు పంచాంగంలోంచి నేల మీదకు దిగింది. (పుట్టకొక్కులు మాత్రం గుర్తుపట్టే పెద్దవాళ్లు పక్కన ఉంటేనే కోయి. విషపు జాతులు చూడ్డానికి అచ్చం అట్లాగే ఉంటాయి.)

చెరువు దగ్గరికి కూడా ఒక పని మీదే పో. మీది నర్సంపేట వైపు కాబట్టి పాకాల నీకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో, గుట్టల మధ్య కట్ట పోసి నిలిపిన నీళ్లు అవి. ఎనిమిది వందల ఏళ్ల నుంచి ఆ కింద పొలాలు తడుస్తూనే ఉన్నాయి. మన గొలుసుకట్టు చెరువుల గొప్పదనం మత్తడి దగ్గర, అంటే నిండిన చెరువు నీళ్లు పొంగి బయటికి దూకే చోట, తెలుస్తుంది. పై చెరువు నిండి పొంగితే ఆ నీళ్లే కింది చెరువుకు పోతాయి. అందుకే మన దగ్గర "చెరువు మత్తడి పడ్డది" అన్నది వార్త, పెళ్లి కబురంత సంతోషంగా చెప్పుకుంటారు. ఆగస్టులో మీ ఊరి చెరువు మత్తడి పడ్డ కబురు రాగానే బస్సెక్కి పో. వారాంతం దాకా ఆగితే ఆ ఊపు పోతుంది. నీళ్లు దూకే చోట చిన్న చేపలు ప్రవాహానికి ఎదురెక్కుతుంటాయి. వెండి రేకులు విసిరినట్టు గాల్లోకి లేచి, రాయికి కొట్టుకుని కింద పడి, మళ్లీ లేస్తాయి. దూరంగా కట్ట మీద నిలబడే చూడు. మత్తడి రాయి పాచిపట్టి ఉంటుంది, ఏటా దాని మీద ఎవరో ఒకరు జారుతూనే ఉన్నారు.

ఇప్పుడు బతుకమ్మ. ఇది కాస్త ఎక్కువ రాస్తాను. నీ ప్రశ్నకు మన ప్రాంతం ఎప్పుడో ఇచ్చుకున్న జవాబు ఇదేనని నాకు అనిపిస్తుంది. వానలు వెనకపట్టు పట్టి, చెరువులు నిండి, చెలకల్లో తంగేడు, గునుగు విరగబూసే తొమ్మిది రోజులను పండుగ చేసుకున్నాం. దేవుడికి పువ్వులు పెట్టడం అన్ని చోట్లా ఉంది, పువ్వులనే దేవతగా పేర్చి మొక్కడం మన దగ్గరే చూస్తాం. అదీ తోటల్లో పెంచిన పూలతో మొదలుకాదు. తంగేడు బీడు భూమిలో, గునుగు రైతు కలుపు అని పీకేసే చోట. నువ్వు వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలి పూల నాడు ఆడుతున్నానని రాశావు, పూలు మాత్రం చౌరస్తాలో కట్ట లెక్కన కొంటున్నావు. ఈసారి ఒక్కరోజు సెలవు పెట్టు. అమ్మనో, అత్తనో తీసుకుని పొద్దున్నే ఊరికి పోయి నీ చేత్తో కోయి.

గునుగు కోసేటప్పుడు నేను చూసింది చెప్తాను. మా ఇంటావిడ తెచ్చిన మోపు విప్పి వాకిట్లో కూర్చున్నాం. కాడలు సమంగా తెగ్గోసి, పిడికెడు పిడికెడు దారంతో కట్టాలి. కొసలు గులాబీ రంగు కలిసిన తెలుపు, పట్టుకుంటే పిల్లి తోక మెత్తదనం. నాలుగు కట్టలు కట్టేసరికి నా అరచేతి గీతల్లో నల్లటి గింజలు ఇరుక్కుని ఉన్నాయి. ఆవాల కంటే చిన్నవి, పాలిష్ పట్టినట్టు మెరుస్తున్నాయి. దులిపేయబోతే ఆమె ఆపి, "అవి వచ్చే ఏటి బతుకమ్మ" అంది. 31 ఏళ్లు పువ్వుల గురించి చెప్పిన నేను ఆ గింజలను అట్లా ఎప్పుడూ చూడలేదు.

కాబట్టి నీకు అసలైన పని ఇదే. తాంబాళంలో గుమ్మడాకు పరిచి, తంగేడు వరుస పెట్టి, గునుగు పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపాక కింద రాలిన నల్ల గింజలు ఊడ్చి కాగితంలో మడిచి పెట్టుకో. మిరుగు వానలు పడగానే బాల్కనీలో రెండు కుండీల్లో చల్లు. పెద్దగా మట్టి కప్పకు, పైపైన చాలు. ఎండ తగిలే చోటైతే తేలిగ్గా మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు నాలుగు ఆకులు గిల్లి పప్పులో వేసుకోవచ్చు, గునుగాకు కూర మన ఊళ్లలో తినేదే. మిగిలినవి పెత్తరమాస దాకా పెంచు. నీ బతుకమ్మలో నీ ఇంటి గునుగు పది కొసలైనా ఉంటాయి, వాటి గింజలు మళ్లీ కాగితంలోకి. ఒక్క కుండీ నిన్ను జూన్ నుంచి అక్టోబరు దాకా మొగులు వైపు చూసేలా చేస్తుంది. పత్తి చేలల్లో గడ్డి మందులు కొట్టడం పెరిగాక గెట్ల మీద గునుగు పలచబడింది. ఈ మాట కోపంతో కాదు, బాధతో చెప్తున్నా. నీ కాగితం పొట్లంలోని గింజలకు ఆ విలువ కూడా ఉంది.

దసరా నాడు పాలపిట్టను చూడాలని తెలుసు కదా. పంజరంలో పెట్టి చూపించేవాళ్ల దగ్గర చూడకు. దాన్ని పట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, పైగా ఆ పిట్టకు నరకం. ఊరి దారిలో కరెంటు తీగల మీద వెతుకు. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్టలా ఉంటుంది. కిందికి దూకి రెక్క విప్పినప్పుడే ఆ నీలం.

చలికాలం గురించి ఎక్కువ చెప్పను, అది తిండి కాలం. అనపకాయ గుడాలు, పచ్చి జొన్న కంకులు, రేగుపండ్లు, సంక్రాంతికి కొత్త బియ్యంతో సకినాలు. సకినాలు కొనకు. చుట్టడం రాకపోతే వచ్చేదాకా చుట్టు. ఫిబ్రవరిలో ఒకరోజు ఎనుమాముల మార్కెట్ వైపు పో, ఎర్రటి మిర్చి రాశుల ఘాటుకు దగ్గు ఆగదు. మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ దగ్గు వస్తే ఎండకాలం గడపలో ఉన్నట్టే. ఆ రోజుల్లోనే ములుగు దారి పక్కన మోదుగ ఎర్రగా పూస్తుంది, కోయిల గొంతు తెరుస్తుంది. కోయిల ఎక్కడికో పోయి రాలేదు. చలికాలమంతా ఆ చెట్ల మీదే ఉంది, కూయలేదు అంతే.

రాత్రి షిఫ్టు వారాల్లో బయటికి పోలేనని రాశావు. అప్పుడు గోడ చూడు. మన ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 18 డిగ్రీల మీద ఉంది. దానివల్ల ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారం చివరలో, మళ్లీ జులై ఆఖరు ఆగస్టు మొదట్లో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు. నిటారు స్తంభానికి నీడ ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. నీది ఉత్తరం బాల్కనీ అన్నావు కదా, చలికాలమంతా ఎండ రాదని విసుక్కునే ఆ బాల్కనీలోకి ఈ రోజుల్లో ఉదయం, సాయంత్రం ఎండ లోపలి దాకా వస్తుంది. పొద్దున షిఫ్టు ముగించి పడుకునే ముందు ఎండ గీత గోడ మీద ఎక్కడ పడిందో పెన్సిల్‌తో చిన్న గీత గీసి తేదీ వెయ్యి. పది రోజులకు ఒకసారి చాలు. ఆ గీతలు నడుస్తుంటే భూమి వంగి తిరగడం నీ గదిలో నీకే కనిపిస్తుంది. నిద్ర సరిగా పట్టక, మనసు వారాల తరబడి బరువుగా ఉంటే మాత్రం డాక్టరును కలువు, ఆ పని చెట్టు మీద పెట్టకు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఇట్లా దగ్గరైతే నొప్పి కూడా వస్తుంది. 2021లో వానలు తగ్గే రోజుల్లో మన జిల్లాల్లో వేపచెట్లు కొస నుంచి మాడిపోవడం మొదలైంది, ఫోమోప్సిస్ అనే బూజు తెగులు అది. మా వీధి వేప గోధుమరంగుకు తిరిగినప్పుడు నాకు ఇంట్లో మనిషి మంచం పట్టినట్టు ఉంది. వచ్చే ఏడు దాంట్లో సగం కొమ్మలు చిగురించాయి, ఆ తేదీ కింద నోటుబుక్కులో రెండు గీతలు గీశాను. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడి ఊళ్లు నీట మునిగాయి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేల చెట్లు వేళ్లతో సహా కూలాయి. నాకు ఇప్పపూలు చూపించిన ఆ పిల్లవాడు, ఇప్పుడు నలభై దాటినవాడు, ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నువ్వు అడిగిన దగ్గరితనంలో ఇది కూడా ఒక భాగం. తెలిసే ఇందులోకి రా.

నేను ఇది రాస్తున్నది మే ఆఖరి వారంలో, రోహిణి నడుస్తోంది. బయట కానుగ కింద పూత రాలడం అయిపోయింది, లేత కాయలు కనబడుతున్నాయి. నీ చెట్టు మీద కూడా ఉండాలి, రేపు చూసి మొదటి తేదీ వెయ్యి. మిరుగుకు ఇంకా పది పన్నెండు రోజులు ఉంది, ఈలోగా రెండు కుండీల్లో మట్టి గుల్ల చేసి పెట్టుకో. ఈ ఏటికి గింజలు నీ దగ్గర లేవు కదా, నా దగ్గర పోయిన బతుకమ్మవి ఒక పొట్లం నిండా ఉన్నాయి. హన్మకొండలోనే ఉంటున్నాను కాబట్టి తొలి వాన పడేలోపు నీకు అందేలా చేస్తాను.